లోపలివాడి లెక్క

నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. సంధులు, సమాసాలు, ఛందస్సు - ఇవీ నా సరుకులు. అటువంటివాణ్ణి ఈ వారం బేస్ గిటారుకు కట్టే ఆంప్లిఫయరును గురించీ, దాని సరసన పెట్టే రెండో స్పీకరు పెట్టెను గురించీ వ్రాయబోతున్నానంటే, "మేష్టారికి మతిగాని చలించలేదు గదా!" అని పాఠకులు అనుకోవచ్చు. చలించలేదు. ఒక తప్పు చేశాను, అది చెప్పుకోవాలి. తప్పు నాది, ఖర్చు మరొకరిది అయింది గనుక చెప్పుకోవడం మరీ అవసరం.

మా కంకిపాడు బెజవాడనుంచి బందరు పోయే రోడ్డు మీద ఉంది. ఈ రోడ్డు పొడుగునా, ఇటు పెనమలూరు మొదలు అటు ఉయ్యూరు దాకా, ఒకప్పుడు ఏ పెళ్ళిపందిట్లో చూసినా ఒకే ఆయన మైకుసెట్టు. కొబ్బరిచెట్టుకు రెండు గొట్టాలు కట్టి, క్రింద బల్లమీద ఆంప్లిఫయరు పెట్టుకొని, నలభై యేళ్ళపాటు ఊళ్ళకు ఊళ్ళను మేలుకొలిపినవాడు. ఇప్పుడు గొట్టాలు ఎవరూ అడగడం లేదు. అవి ఆయన ఇంటి వసారాలో బోర్లించి ఉన్నాయి. ఒకదాని క్రింద కోడి గుడ్లు పెడుతుంది.

ఆయన కొడుకు నా శిష్యుడు. క్లాసులో పద్యానికి గణవిభజన చేయమంటే నోటితో చెప్పేవాడు కాదు. బల్లమీద వ్రేళ్ళతో కొట్టి చూపించేవాడు. గురువు దగ్గర ఒక దెబ్బ బరువుగా, లఘువు దగ్గర తేలికగా. ఆ వ్రేళ్ళు ఊరుకుంటాయా? పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ పాడే ఒక ఆర్కెస్ట్రాలో ఇప్పుడు బేస్ గిటారు వాయిస్తున్నాడు. ఆదివారం ఉదయం తమ చర్చిలో వాయిస్తాడు.

బేస్ గిటారంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉంటారు. మొన్నమొన్నటిదాకా నేనూ వాళ్ళలో ఒకణ్ణి. మామూలు గిటారుకు ఆరు తీగెలైతే దీనికి సాధారణంగా నాలుగే. అన్నిటికంటె లావుపాటి తీగె సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారులో లావు తీగె 82 సార్లు. అంటే బేస్ సరిగ్గా ఒక స్థాయి క్రింద పలుకుతుందన్నమాట. ఐదు తీగెల బేస్ అయితే 31 వరకూ దిగుతుంది. పాటలో దీన్ని ప్రత్యేకంగా ఎవరూ వినరు; లేకపోతే మాత్రం పాట కాళ్ళు తెగినట్లుంటుంది. మృదంగం వాయించే ఆయన కచేరీకి ముందు ఎడమవైపు మూతకు రవ్వముద్ద అద్దుతాడు చూశారూ? ఆ ముద్ద బరువుకే ఆ గుమికి వస్తుంది. అది లేకుండా కుడిచేయి ఎంత చమత్కరించినా కచేరీ నిలవదు. ఇక్కడా అంతే.

ఆ గుమికిని పదిమందికి వినిపించడం తేలిక పని కాదు. అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని అమ్మకానికి తెచ్చాడు. ఆ మరుసటి సంవత్సరమే, 1952లో, దీనికోసమే బాస్‌మన్ అనే ఆంప్లిఫయరును కూడా తేవలసివచ్చింది. అందులో 15 అంగుళాల స్పీకరు ఒకటి. ఆంప్లిఫయరూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు. ఒక చేత్తో గిటారు, ఒక చేత్తో కాంబో పట్టుకొని బస్సెక్కవచ్చు. కాంబో చాలనప్పుడు దాని వెనక ఉన్న రంధ్రంలో తీగె పెట్టి మరో పెట్టెను కలుపుతారు. దాంట్లో స్పీకర్లు తప్ప యంత్రం ఉండదు. దాన్నే ఎక్స్‌టెన్షన్ పెట్టె అంటారు. 1969 నాటికి ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల యంత్రాన్ని తయారుచేసి, ఒక్కొక్కదాంట్లో ఎనిమిదేసి పదంగుళాల స్పీకర్లున్న పెట్టెలతో కలిపి అమ్మింది. మా కుర్రాడి అవసరం అంతది కాదు. షామియానాలో నాలుగువందల మంది పీటల దగ్గరినుంచి భోజనాల దాకా వింటే చాలు.

వాడు చీటీ పాడి, వచ్చిన డబ్బుతో ఒక కాంబో కొన్నాడు. దానికి జతగా ఎవరో వాడి వదిలేసిన పెట్టె ఒకటి చవగ్గా దొరికింది. కలపడానికి ముందు కాంబోతో వచ్చిన అచ్చుకాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు.

"మేష్టారూ, ఈ పెట్టె దీనికి సరిపోతుందో లేదో కాస్త చదివి చెప్పండి."

వాడికి ఇంగ్లీషు రాదని కాదు. కాని డబ్బుతో ముడిపడిన ఇంగ్లీషును పెద్దవాళ్ళచేత చదివించుకోవడం మన ఆచారం. నేను కళ్ళజోడు తగిలించుకొని చదివాను. 'శక్తి: 4 ఓముల వద్ద 500 వాట్లు.' 'లోపలి స్పీకరు: 8 ఓములు.' 'మొత్తం భారం 4 ఓములకు తగ్గరాదు.' పాత పెట్టె వెనక రేకుమీద చూశాను: 4 ఓములు.

"తగ్గరాదన్నాడు, తగ్గలేదు. నాలుగుకు నాలుగు. కలుపుకో," అన్నాను. ఆ రోజు నాకు కలిగిన తృప్తి తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మాఘమాసంలో గన్నవరం వైపు ఒక ఊళ్ళో పెళ్ళి. నేనూ వెళ్ళాను. రాత్రి ఎనిమిదింటికి పాటలు మొదలయ్యాయి. మొదట్లో ఆ మోత చూసి నేనే కొన్నట్లు పొంగిపోయాను. కుర్చీలో కూర్చుంటే ఎముకల్లోంచి పాట వినబడుతోంది. ముప్పావుగంట గడిచింది. ఒక పాట చరణంలో ఉండగా స్వరం చిరిగినట్లయింది. ఆ తరువాత ఏదో కాలుతున్న వాసన. ఆ తరువాత ఏమీ లేదు. పాట ఆగలేదు. బేస్ పోతే పాట ఆగదు, అదే విచిత్రం. పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు, డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి. "ఇవాళెందుకో పసలేదురా," అన్నాడు నా ప్రక్క కుర్చీలో ఆయన. వేదికమీద ఆ కుర్రాడు మోగని తీగెలమీద వ్రేళ్ళు కదిలిస్తూ చివరిదాకా నుంచునే ఉన్నాడు. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మంచి రకం యంత్రాల్లో లోపల కాపలా ఏర్పాటు ఉంటుంది. భారం మించితే తమంత తామే ఆగిపోయి, చల్లబడ్డాక మళ్ళీ పలుకుతాయి. ఇది అంత చదువుకున్న యంత్రం కాదు. మరమ్మతువాడు తెరిచి చూసి, పెట్టవలసిన ఖర్చుకు మరికొంత కలిపితే కొత్తదే వస్తుందన్నాడు. ఆర్కెస్ట్రా యజమాని తరువాతి రెండు ముహూర్తాలకూ వేరే కుర్రాణ్ణి పిలుచుకున్నాడు. చీటీకి మాత్రం నెలనెలా కట్టక తప్పదు గదా.

నాలుగు రోజులు ఆగి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి వసారాలో మంచంమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. విషయం అంతా చెప్పి, కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన కాగితం చూడలేదు.

"కాంబో లోపల స్పీకరు ఎన్ని ఓములండీ?" అన్నాడు.

"ఎనిమిది."

"బయటి పెట్టె?"

"నాలుగు."

"ఇంకేముందండీ! రెండూ కలిస్తే మూడుకు దిగువన పడిపోతుంది. నాలుగు మోసేవాడి నెత్తిన అంత బరువు పెడితే మెడ విరగదూ?"

నేను తెల్లబోయాను. ఆయన ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. మైకు ఆంప్లిఫయరు వెనక వరసగా ఉండే మరలను నలభై యేళ్ళు బిగించినవాడు. వాటిమీద 4, 8, 16 అని ఉంటుంది. 100 వోల్టులని మరొకటి ఉంటుంది. ఒక గొట్టం పెడితే ఏ మరకు కట్టాలి, నాలుగు పెడితే ఏ మరకు కట్టాలి, చెరువుగట్టు దాకా తీగె లాగితే గొట్టం దగ్గర ఏ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి - అదే ఆయన జీవితమంతా చేసిన లెక్క.

"మరి అబ్బాయి మిమ్మల్ని అడగలేదా?"

"మీరు చూశారన్నాడండీ. చదువుకున్నవారు చూశాక నేనేం చూస్తాను? నేను అడగనూ లేదు, వాడు చెప్పనూ లేదు." కాసేపాగి, "తప్పు ముగ్గురిదీ లెండి," అన్నాడు.

ముగ్గురిదీ కాదని ఆయనకూ తెలుసు.

ఆ లెక్క ఏమిటో ఆయన చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. డెల్టాలో ఉన్నవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. కాలువకు ఒక తూము పెట్టారు. దానిగుండా ఇంత నీరు పోతుంది. దాని ప్రక్కనే ఇంకో తూము పెట్టారనుకోండి. నీటికి దారి పెరిగింది. అంటే అడ్డు తగ్గింది. ఓములంటే ఈ అడ్డుకు కొలత. ఆంప్లిఫయరు వెనక ఉండే రంధ్రాలు మామూలుగా ఇలా ప్రక్కప్రక్కన పెట్టిన తూములే. అందుచేత పెట్టెలు పెరిగినకొద్దీ ఓములు పెరగవు, తరుగుతాయి. 8 ఓముల పెట్టెకు మరో 8 ఓముల పెట్టె కలిపితే 16 కాదు, 4. రెండు నాలుగులు కలిపితే 2. సమానం కానివాటిని కలిపితే ఆ రెంటినీ గుణించి, వచ్చినదాన్ని వాటి మొత్తంతో భాగించాలి. 8, 4 గుణిస్తే 32, కూడితే 12. భాగిస్తే 2.67. మా కాంబో 4కు తగ్గరాదని మొత్తుకుంటూంటే నేను దాన్ని 2.67కు దించాను. కాలువ తలుపు మోయగలిగినంత కంటె ఎక్కువ నీటిని రెండు తూములూ కలిసి లాగేశాయి. పైగా 4 ఓముల బయటి పెట్టె రెండు వంతులు తాగితే, లోపలి స్పీకరుకు దక్కింది ఒక వంతు.

కాగితం మీద 'మొత్తం భారం' అని స్పష్టంగా ఉంది. 'మొత్తం' అన్న విశేషణాన్ని నేను కళ్ళతో చదివానుగాని మనసుతో వినలేదు. పెట్టె బయటిది ఒక్కటే చూశాను. కాంబో లోపల అప్పటికే ఒకడు కూర్చుని భోంచేస్తున్నాడన్న సంగతి మరిచిపోయాను. పరీక్ష కాగితాల్లో పిల్లలు విశేషణాన్ని వదిలేసి అర్థం వ్రాస్తే నేను సగం మార్కులు కోసేస్తాను.

నష్టంలో సగం భరిస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చాలాసేపటికి, వడ్డీలేని అప్పుగా అయితే సరేనన్నాడు. ఫాల్గుణంలో ఒకరోజు ముగ్గురం కలిసి బెజవాడ వెళ్ళాము. ఆ రోజు నేను నేర్చుకున్నవి ఇక్కడ వ్రాస్తున్నాను. చర్చికో, భజన సమాజానికో, కాలేజీ బృందానికో ఇటువంటిది కొనేవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు.

దుకాణంలో మొదట వినబడే మాట వాట్లు. "ఇది మూడువందలండీ, అది ఆరువందలండీ," అంటాడు అమ్మేవాడు. ఆరువందలది రెండింతలు మోగుతుందని మనం అనుకుంటాం. మోగదు. వాట్లు రెండింతలయితే ధ్వని పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి కొంచెం హెచ్చినట్లు తెలుస్తుందంతే. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్సు పెరగాలి. దానికి వాట్లు పదింతలు కావాలి. ఇంకొక సంగతి. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్సు పలుకుతుందో స్పీకరు పెట్టెల కాగితాలమీద వ్రాస్తారు. 97 పలికే పెట్టెకంటె 100 పలికే పెట్టె, అవే వాట్లతో, రెండింతల ఆంప్లిఫయరు కట్టినంత పని చేస్తుంది. వాట్లు చూసి పెట్టెను మరిచేవాడు ఎద్దుల్ని చూసి బండిని మరిచినవాడు.

రెండోది, ఆ 500 వాట్లు ఎక్కడ? కాగితం చివర '4 ఓముల వద్ద' అని ఉంటుంది. లోపలి స్పీకరు 8 ఓములదైతే, ఒంటరిగా ఉన్నంతకాలం అది పుచ్చుకునేది సుమారు అందులో సగమే. సరిజోడు 8 ఓముల పెట్టె ప్రక్కకు వచ్చిననాడే యంత్రం తన పూర్తి బలం చూపిస్తుంది. గాలిని నెట్టే స్పీకరు వైశాల్యం కూడా అప్పుడు రెండింతలవుతుంది. రెండో పెట్టెవల్ల లాభం ఈ రెండూ కలిసి వచ్చేది. కాని లోపలి స్పీకరే 4 ఓములది, యంత్రం కనీసం కూడా 4 అయితే, దానికి రెండో పెట్టె పెట్టే యోగం లేదు. ఏనాటికైనా రెండోది కలపాలనుకునేవాడు కొనేముందే ఈ జాతకం చూసుకోవాలి.

మూడోది జోడు. "పదిహేను అంగుళాలది గుమ్మంటుంది, పదంగుళాలది స్పష్టంగా పలుకుతుంది, రెండూ కలపండి," అని దుకాణంలో సలహా ఇచ్చారు. అలా కలిపి వాయించేవాళ్ళు ఉన్నారు. కొందరికి బాగానే కుదురుతుంది. అది అదృష్టం. స్పీకరు అంగుళాలు ఒక్కటే గుమికిని నిర్ణయించవు. పెట్టె లోపలి ఖాళీ, దానికి పెట్టిన రంధ్రం, స్పీకరు తయారీ అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. వేరువేరు పెట్టెలు ఒకే స్వరాన్ని ఒకే క్షణంలో ఒకే రీతిగా నెట్టవు. ఒకటి గాలిని ముందుకు నెడుతూండగా మరొకటి వెనక్కు లాగితే, రెండు పెట్టెలు పెట్టికూడా ఆ స్వరం పల్చబడుతుంది. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పలికేవైతే గట్టిది మెల్లదాన్ని మింగేస్తుంది. కాంబోలో ఏ స్పీకరు ఉందో అదే స్పీకరు, అదే కంపెనీ, అదే తరహా పెట్టె కలపడం నిశ్చింత మార్గం. తండ్రి ఒక్క మాటలో తేల్చాడు: "జోడెద్దులు ఈడైనవి కావాలండీ. ఒకటి ఒంగోలుదీ, ఒకటి దున్నపోతూ అయితే కాడి వంకరపోతుంది."

నాలుగోది తీగె. గిటారునుంచి ఆంప్లిఫయరుకు వచ్చే తీగె వేరు, ఆంప్లిఫయరునుంచి పెట్టెకు వెళ్ళే తీగె వేరు. మొదటిదాంట్లో సన్నని తీగె చుట్టూ కవచం ఉంటుంది. అది సున్నితమైన సంకేతాన్ని మోయడానికి. రెండోదాంట్లో రెండు లావు తీగెలుంటాయి; అది బలాన్ని మోయడానికి. కొన్నిటికి ప్లగ్గులు ఒకేలా ఉండడంచేత ఒకదాని స్థానంలో మరొకటి పెట్టేస్తారు. సన్నతీగె వేడెక్కుతుంది, యంత్రానికి చేటు. అందుకే మంచి పెట్టెలకు మెలితిప్పితేగాని పట్టని స్పీకాన్ ప్లగ్గు ఉంటుంది. గిటారు తీగె దాంట్లో దూరదు. "వాల్వుల రోజుల్లో స్పీకరు తగిలించకుండా స్విచ్చి వేస్తే మా గురువు మొట్టికాయ వేసేవాడు," అన్నాడు పెద్దాయన. అదీ నిజమే. వాల్వు యంత్రం భారం లేకుండా నడిస్తే దాని ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ట్రాన్సిస్టరు యంత్రం భారం లేకపోతే ఊరుకుంటుంది, ఎక్కువైతే పోతుంది.

ఐదోది, పాఠకులు నవ్వకుండా వింటే, రెండో పెట్టె నిజంగా అవసరమా అన్న ప్రశ్న. కాంబో వెనక లైన్ అవుట్ అని ఒకటి ఉంటుంది. దానిగుండా బేస్ శబ్దాన్ని ఆర్కెస్ట్రావారి మిక్సరుకు పంపిస్తే పెద్ద స్పీకర్లు జనానికి వినిపిస్తాయి. కాంబో వాయించేవాడి చెవికి వినబడితే చాలు. మైదానంలో జరిగే పెద్ద సభకు అదే సరైన దారి. కాని మా చుట్టుప్రక్కల పెళ్ళిపందిళ్ళలో మిక్సరువాడి స్పీకర్లు గొంతులకే సరిపోతాయి. చర్చి హాలులో గోడలూ నేలా బేస్‌కు సాయం చేస్తాయి. గోడవారగా నేలమీద పెడితే అదే పెట్టె మరింత గుమ్మంటుంది. షామియానాకు గోడలెక్కడివి? అందుచేత ఆదివారానికి ఒక పెట్టె చాలు, ముహూర్తానికి రెండు కావాలి. కలిపేదీ విప్పేదీ అయిన జోడు వీడికి అందుకే అవసరమైంది.

ఆరోది, సొంత గిటారు పట్టుకెళ్ళాలి. దుకాణంవాడు వాయించి చూపించేది వాడి చేతివాటం. మా కుర్రాడు తన గిటారు తగిలించి, అన్నిటికంటె లావు తీగెను ఒక్కదాన్నే మీటుతూ శబ్దం పెంచుకుంటూ పోయాడు. 41 కంపనాల స్వరానికి గాలిలో ఒక్కొక్క అల పొడుగు ఎనిమిది మీటర్ల పైచిలుకు. గది అంతా కలియదిరుగుతూ వింటే ఒక మూల ఉబ్బుతుంది, ఒకచోట సన్నబడుతుంది. తండ్రి కళ్ళు మూసుకొని గదిలో నాలుగు మూలలా నుంచుని విన్నాడు. ఒక పెట్టె దగ్గర తల అడ్డంగా ఊపాడు. "కాగితం చిరుగుతోంది," అన్నాడు. కాగితం అంటే స్పీకరులోని శంకువు. వాట్లు మించకపోయినా మరీ క్రింది స్వరంలో శంకువు హద్దుదాటి ఊగితే దెబ్బతింటుందట. నాకు ఏమీ వినబడలేదు. ఈసారి వినబడినట్లు నటించలేదు.

డబ్బు ఒకదానికే ఉంది. పెద్దది ఒకటి కొని చేతులు దులుపుకోవచ్చు. మధ్యరకంది కొని జోడుకోసం ఆగవచ్చు. కుర్రాడి మనసు పెద్దదానిమీద ఉంది. ఎర్రదీపాలు, ఆరువందల వాట్లు. తండ్రి ఏమీ అనలేదు. నన్నడిగితే నేనూ ఏమీ అనలేదు. "కాగితం నువ్వే చదువు. చదివి మీ నాన్నకు చెప్పు," అన్నాను. వాడు దుకాణంలో నిలబడి ఇంగ్లీషు ఒక్కొక్క ముక్కా తెలుగు చేసి తండ్రికి చెప్పాడు. పెద్దదాని లోపలి స్పీకర్లు 4 ఓములు, కనీసం 4. ఇక అది ఒంటరిదే. బరువు కూడా ఇద్దరు ఎత్తాలి. మధ్యరకంది 8 ఓములు, కనీసం 4. పదంగుళాల స్పీకర్లు రెండు. తేలికపాటి యంత్రం, ఒక్కడు ఎత్తవచ్చు. దానికి సరిజోడు పెట్టె అదే కంపెనీ అమ్ముతోంది. వాడు కాసేపు ఎర్రదీపాలవంక చూసి, మధ్యరకందాన్ని ఆటో ఎక్కించాడు.

చైత్ర వైశాఖాల్లో ఆ ఒక్క పెట్టెతోనే నెట్టుకొచ్చాడు. షామియానాలో చాలలేదు, చాలలేదని వాడికీ తెలుసు. ఆర్కెస్ట్రా యజమాని ఒకటి రెండుసార్లు సణిగాడు. శ్రావణ మాసం ముహూర్తాలకు ముందు రెండో పెట్టె వచ్చింది. ఆ సాయంత్రం కబురంపితే వెళ్ళాను. వసారాలో గొట్టాల ప్రక్కనే రెండు పెట్టెలూ ఒకదానిమీద ఒకటి నిలబెట్టి ఉన్నాయి. అలా నిలబెడితే పై స్పీకర్లు వాయించేవాడి చెవి ఎత్తుకు వస్తాయి. ప్రక్కప్రక్కన పరిస్తే మోకాళ్ళకు వినబడుతుంది.

కలపబోతూంటే పెద్దాయన ఆగమన్నాడు. లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన పాత మీటరు తెచ్చాడు. ఆంప్లిఫయరునుంచి తీగెలు విప్పించి, లోపలి స్పీకర్లకు మీటరు పుల్లలు ఆనించాడు. ముల్లు ఆరు దగ్గర నిలిచింది.

"ఎనిమిదన్నారుగా, ఆరు చూపిస్తోందేం?" అన్నాను కంగారుగా.

"ఎనిమిది ఓముల స్పీకరు మీటరు మీద ఆరుకు అటూఇటుగానే చూపిస్తుందండీ. పాట పోతున్నప్పటి లెక్క వేరు, ఊరకున్నప్పటి లెక్క వేరు. ఎనిమిది చూపిస్తేనే అనుమానపడాలి."

బయటి పెట్టెకు ఆనించాడు. అదీ ఆరే. రెండూ కలిపి చూశాడు. మూడు. అప్పుడు మీటరు క్రింద పెట్టి, "ఇక కలుపు," అన్నాడు కొడుకుతో.

శ్రావణంలో మొదటి పెళ్ళి ఉయ్యూరు దాటాక ఒక పల్లెలో. పెద్దాయన చాలా యేళ్ళ తరువాత ఒక పందిరికి వచ్చాడు, వేదిక వెనక స్టూలుమీద కూర్చున్నాడు. నేను ఆయన ప్రక్కన. పాట ఎత్తుకోగానే షామియానా రాట చేతికి ఆనుతూ సన్నగా వణికింది. ముప్పావుగంట గడిచింది. ఆ గడియ నాకు గుర్తే, ఆయనకూ గుర్తే. ఆయన లేచి వెళ్ళి ఆంప్లిఫయరు వెనక అరచెయ్యి ఆనించి, ఒక నిమిషం ఉంచి, వచ్చి కూర్చున్నాడు.

"వెచ్చగా ఉందండీ. అంతే ఉండాలి," అన్నాడు.

రాత్రి పదింటికి పాటలు ఆపేశారు. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం పదినుంచి ఉదయం ఆరుదాకా బయట మైకు మోగరాదు గదా. కుర్రాడు తీగెలు చుట్టుకుంటూ ఈసారి నావైపు చూసి నవ్వాడు. తండ్రి వాడితో పాట బాగుందనలేదు. "ఆ ప్లగ్గు లాగకు, మెలితిప్పి తియ్యి," అన్నాడు.

నా వడ్డీలేని అప్పు ఇంకా రెండు వాయిదాలు ఉంది. అది తీరిందాకా వాళ్ళింటికి వెళ్ళడానికి నాకొక సాకు. ఈమధ్య వెళ్ళినప్పుడల్లా పెద్దాయనచేత మీటరు చూడడం నేర్చుకుంటున్నాను. ఆయన చెబుతూంటే, మా పిల్లలు నా క్లాసులో చేసినట్లే, ఒక మాట వదిలేసి రెండోసారి అడుగుతూంటాను. ఆయన విసుక్కోడు.